బావగారి పేరు

సింగంపేటలో ఎవరి ఆవైనా గేదైనా పరాయి చేలో పడిందంటే, దాన్ని తోలుకుపోయి బందెలదొడ్డిలో పెట్టేవారు. ఆసామి వచ్చి జుల్మానా కట్టి విడిపించుకునేవాడు. ఆ దొడ్డి గోడకి ఒక రాయి ఉండేది. 'వైస్ చైర్మన్ శ్రీ నరసింగరావు గారిచే ప్రారంభించబడినది' అని దాని మీద చెక్కి ఉండేది. అక్కడితో ఆగినా బాగుండేది. ఊరి జనానికి 'మునిసిపల్ బందెలదొడ్డి' అన్నంత పొడుగు మాట నోరు తిరగలేదు. చక్కగా కోసి 'నరసింగరావు దొడ్డి' అన్నారు. ఆ ప్రాంతంలో దొడ్డి అంటే ఒక్క పశువుల దొడ్డే కాదు, పొద్దున్నే చెంబు పట్టుకుని వెళ్లే చోటు కూడా. ఇక చెప్పేదేముంది!

"ఏటే, మీ ఆయన అగుపడ్డేటి?" అని కుళాయి దగ్గర ఒకామె అడిగేది.

"నరసింగరావు దొడ్డికెల్లినాడే," అనేది రెండో ఆమె. మిగతావాళ్లు బిందెలు వదిలేసి మరీ నవ్వేవారు.

నరసింగరావుకి ఆ నవ్వులు చెవిన పడేవి. అతని ఇల్లు ఆ కుళాయికి ఎదురుగానే ఉంది మరి. గోగునార వ్యాపారం, పాతిక ఎకరాల మెట్టా పల్లమూ, కౌన్సిల్లో వైస్ చైర్మన్ పదవి, ఇన్ని ఉన్నా మనిషికి కంటి నిండా నిద్ర లేదు. కారణం దొడ్డి కాదు. ఊళ్లో ఉన్న మిగతా రాళ్లు.

కూరల మార్కెట్టుకి ఒక రాయి. ఊరి పక్కన పారే గెడ్డ మీద వంతెనకి ఒక రాయి. ఆడపిల్లల బడికి, ఆసుపత్రిలో కాన్పుల గదికి, ఆఖరికి శ్మశానంలో రేకుల షెడ్డుకి కూడా రాయి. అన్నిటి మీదా ఒకటే పేరు. 'చైర్మన్ శ్రీ జగన్నాధం గారి అమృత హస్తములతో ప్రారంభించబడినది.' పుట్టినా చచ్చినా సింగంపేటలో జగన్నాధం పేరు దాటుకుని పోవడానికి లేదు.

ఈ జగన్నాధం ఎవరో పరాయివాడైతే ఇంత మంట ఉండేది కాదు. నరసింగరావు సొంత చెల్లెలు లక్ష్మీనరసమ్మ మొగుడు. ఇద్దరిదీ ఒకే ఈడు, ఒకే బడి. పెళ్లినాడు ఎవరు ఎవర్ని ఏమని పిలవాలో తేలక ఇద్దరూ ఒకరినొకరు "బావా" అనుకున్నారు, అదే ఉండిపోయింది. బజారులో ఇద్దరూ ఎదురైతే రెండు వైపుల నుంచీ "బావా" అని వినబడేది. ఎవరు ఎవర్ని పిలిచారో పక్కవాడికి తెలిసేది కాదు.

బడిలో ఉన్నప్పుడు కూడా అంతే. ఇద్దరూ కలిసి జామకాయలు దొంగిలిస్తే దెబ్బలు నరసింగరావుకి పడేవి, కాయలు జగన్నాధం జేబులో ఉండేవి. పోనీ, అతను ఆ కాయలు ఒక్కడే తినేవాడా అంటే అదీ లేదు. సగం తెచ్చి ఇతని చేతిలో పెట్టేవాడు. ఆ సగం నరసింగరావుకి ఎప్పుడూ చేదుగానే ఉండేది.

అసలు సింగంపేటకి మునిసిపాలిటీ ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. దొరల కాలంలో అక్కడ గోగునార సంత పెద్దది. చీపురుపల్లి రైలుకి అందేలా బండ్లు రాత్రికి రాత్రి వరస కట్టి కదిలేవి. ఒక వానాకాలంలో సంతకి వచ్చిన దొర గుర్రం బురదలో మోకాలి దాకా దిగబడి మరి లేవలేదట. ఆ కోపంతోనో, ఆ ఏడే వచ్చిన కలరా భయంతోనో, దొర ఊరికి ఒక 'యూనియను' రాసిచ్చి వెళ్లాడు. యూనియను పన్నులు వేసింది, కంకర పోయించింది, వీధుల్లో కిరసనాయిలు దీపాలు పెట్టింది. స్వతంత్రం వచ్చాక అదే మునిసిపాలిటీ అయింది. గెడ్డకి ఇవతల దీపాలు, అవతల కోటపాలెంలో చీకటి. "మాది ముంచిపాల్టీ" అని చెప్పుకుని సింగంపేట వాళ్లు మంచి మంచి సంబంధాలు కలుపుకున్నారు. కోటపాలెం జనం గెడ్డ గట్టు మీద కూర్చుని ఇవతలి దీపాలు చూసి కుళ్లుకునేవారు.

తర్వాత రోజులు తిరగబడ్డాయి. తాలూకా కచేరీ కోటపాలెంలో పెట్టారు. దాని వెనకే సినిమా హాలు, నార మిల్లు, బస్సుల స్టాండు అన్నీ అటే వెళ్లాయి. కోటపాలెం కూడా మునిసిపాలిటీ అయి కూర్చుంది. ఇప్పుడు గెడ్డ గట్టు మీద కూర్చుని అవతలి ట్యూబులైట్లు చూసి కుళ్లుకోవడం సింగంపేట వంతయింది.

నరసింగరావు చైర్మన్ కావలసినవాడే. కౌన్సిలర్లు చెరి సగం చీలినప్పుడు ముందు రోజు సాయంత్రం లక్ష్మీనరసమ్మ అన్నగారి ఇంటికొచ్చింది. వచ్చి అరుగు మీద కూలబడింది.

"అన్నియ్యా, నీ ఓటు నీకేసుకుంటే నువ్వు చైర్మన్‌వి. మీ బావకేస్తే నీ సెల్లెలు చైర్మన్ గారి పెళ్లాం. ఏది బాగుంటాదో నువ్వే సెప్పు," అంది. అని ఊరుకోకుండా కళ్లు తుడుచుకుంది.

నరసింగరావు ఓటు జగన్నాధానికి పడింది. ఆ ఒక్క ఓటుతోనే జగన్నాధం గెలిచాడు. దండలు వేసినప్పుడు చప్పట్లు కొట్టిన చేతులే ఇంటికొచ్చాక గోడకేసి కొట్టుకున్నాయి. వైస్ చైర్మన్‌గిరీ ఓదార్పు కింద దక్కింది.

బందెలదొడ్డి ప్రారంభం రోజున జగన్నాధానికి గవదబిళ్లలు లేచాయి. అందుకే ఆ రాయి ఇతనికి వచ్చింది. దాని మీద కూడా 'అమృత హస్తములతో' అని వేయమన్నాడు నరసింగరావు. పశువుల దొడ్డికి అమృత హస్తాలు అంత బాగోవేమో సార్ అని గుమాస్తా నసిగాడు. ఆ మాట విని జగన్నాధం వాచిన బుగ్గలు రెండు చేతులా పట్టుకుని పడీ పడీ నవ్వాడని నరసింగరావుకి తర్వాత తెలిసింది. ఆ నవ్వుని అతను మరచిపోలేదు.

అరవై ఏడు ఆఖర్లో హైదరాబాదు నుంచి జీవో వచ్చింది. సింగంపేట మునిసిపాలిటీ రద్దు. వచ్చే ఏప్రిల్ నుంచి ఊరంతా కోటపాలెం మునిసిపాలిటీలో వార్డులుగా కలిసిపోతుంది. ఊరి మీద పిడుగు పడినట్టయింది. ముసలివాళ్లు ఏకంగా అన్నాలు మానేశారు. గెడ్డకి అవతల మాత్రం టపాకాయలు పేల్చారు.

ఊరు ఏడుస్తుంటే నరసింగరావు కూడా తువ్వాలు కళ్లకి అడ్డం పెట్టుకున్నాడు. తువ్వాలు వెనక నవ్వొచ్చింది. బావకి ఇక చైర్మన్‌గిరీ ఉండదు!

"ఊరు మునిగిపోతంటే ఆ మొకంలో ఎలుగేటి?" అని పెళ్లాం నారాయణమ్మ అడిగేసింది. ఆమెకి ఇతని మొహం కంఠతా వచ్చు.

"నీకన్నీ వంకరగానే అగుపిస్తాయి," అని అతను లేచి వెళ్లిపోయాడు.

ఆ వెలుగు ఎన్నాళ్లో నిలవలేదు. ఊరికి ఒక పని మిగిలి ఉంది. నీళ్ల ట్యాంకు. అంతెత్తు స్తంభాల మీద, గెడ్డకి అవతలి నుంచి కూడా కనిపించే ట్యాంకు. కౌన్సిలు ఉండగానే దాన్ని ప్రారంభించాలని తీర్మానమైంది. సింగంపేట మునిసిపాలిటీ వేసే ఆఖరి రాయి అదే. దాని మీద ఎవరి పేరు ఉంటే ఆ పేరు ఊరి నెత్తి మీద ఎప్పటికీ ఉంటుంది. నరసింగరావుకి అన్నం సయించడం మానేసింది. ఆ ఒక్క రాయి తనకి కావాలి. అమృత హస్తాలతో సహా కావాలి. దొడ్డి పేరు మాసిపోవాలంటే అదొక్కటే దారి.

నోరు తెరిచి అడగడానికి మనసొప్పలేదు. ఓటు వేసినవాడు దేబిరించాలా? దానికి బదులు చెల్లెలి ఇంటికి వెళ్లి, మజ్జిగ తాగుతూ, ట్యాంకు సంగతి ఎత్తాడు.

"ఆఖరి రాయి కదా బావా. ఏటి రాయిస్తావు మరి?"

జగన్నాధం పడక కుర్చీలో ఊగుతూ, "సూద్దాం లే బావా, ఇంకా టైమున్నాది కదా," అని మాట మార్చేశాడు. లక్ష్మీనరసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. చెల్లెలు కూడా తనని చూసి నవ్వుతోందని నరసింగరావు అనుకున్నాడు. మజ్జిగ గ్లాసు సగంలోనే కింద పెట్టేశాడు.

ఇక ఆగలేక ఒక పొద్దున రాళ్లు చెక్కే కూర్మయ్య పాక వైపు నడిచాడు. కూర్మయ్య నల్లరాయిని నున్నగా చేసి, చుట్టూ తీగ అంచు చెక్కుతున్నాడు. మధ్యలో ఇంకా ఒక్క అక్షరం లేదు.

"ట్యాంకు రాయేనా రా ఇది?"

"అదే బాబూ."

"ఎవురి పేరు సెక్కమన్నారేటి?"

కూర్మయ్య ఉలి పక్కన పెట్టి అటూ ఇటూ చూశాడు. మొహం నిండా నవ్వు. "ఎవురికీ సెప్పొద్దన్నారు బాబూ సైర్మన్ గారు. తవరు కాబట్టి సెప్తన్నాను. బావగారి పేరే!"

"బావగారి పేరా?"

"అవును బాబూ. 'ఆ పేరు పెద్ద అచ్చరాల్తో పడాలి కూర్మయ్యా, గెడ్డ అవతలోడికి కూడా అగుపడాలి' అన్నారు. అమృత అస్తాలు కూడా ఎయ్యమన్నారు."

నరసింగరావుకి ఎండ అప్పుడే నెత్తికెక్కినట్టనిపించింది. అందరి దగ్గరా దాచమన్నాడా! అన్ని రాళ్లూ మింగి, ఆఖరిది కూడా దొంగతనంగా మింగుదామనుకున్నాడా! కూర్మయ్య ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు కూడా తన దొడ్డి గురించే అని అతనికి అనిపించింది.

ఇంటికి వెళ్లలేదు. చొక్కా అయినా మార్చుకోకుండా వంతెన దాటి కోటపాలెం వెళ్లాడు. వంతెన మీద జగన్నాధం రాయి పక్కనుంచే నడవాల్సి వచ్చింది. రెండు మునిసిపాలిటీలనీ కలపడానికి వచ్చిన స్పెషల్ ఆఫీసరు అక్కడ ఉన్నాడు. జాగ్రత్త మనిషి. కలం మూత తీయడానికి కూడా రూలు చూసుకునే రకం. నరసింగరావు అతని ముందు కూర్చుని, ఊరి మంచి కోరినవాడిలా గొంతు తగ్గించి మాట్లాడాడు.

"రద్దయిపోతన్న కౌన్సిలు రాళ్లేసుకోవచ్చాండి? రేపు ఎవడైనా అర్జీ పెడితే తమరికే మాటొస్తాది. నాకేం లేదు. తెలిసినోణ్ణి కదా అని సెప్తన్నాను."

ఆఫీసరుకి చెమట పట్టింది. ఆ వారంలోనే ఉత్తర్వు వచ్చేసింది. ట్యాంకు ప్రారంభం ఏప్రిల్ తర్వాతే. కోటపాలెం చైర్మన్ గారి చేతుల మీదుగానే. పాత కౌన్సిలు వారి పేర్లు ఏ రాయి మీదా కొత్తగా వేయకూడదు.

ఉత్తర్వు చదివి జగన్నాధం కాగితాన్ని తిరగేసి చూశాడు. "ఇలగైపోనాదేటి," అన్నాడు, అంతే. నరసింగరావు అయ్యో అని నాలుక చప్పరించాడు. ఆ రాత్రి ఆకలేసి రెండు సార్లు పులుసు పోయించుకున్నాడు.

ప్రారంభం రోజున కోటపాలెం చైర్మన్ కారులో వచ్చి రిబ్బను కత్తిరించాడు. రాయి మీద అతని పేరే, అమృత హస్తాలు కూడా అతనివే. సింగంపేట పేరు ఎక్కడా లేదు. మాజీలందరికీ వెనక వరసలో కుర్చీలు వేశారు. నరసింగరావు తల పక్కకి తిప్పి బావ మొహం చూశాడు. అది వాడిపోయి ఉంది. చిన్నప్పటి నుంచీ చూడాలనుకున్న మొహం అదే. కడుపు చల్లబడింది.

సభ అయ్యాక ఆఫీసరు జగన్నాధాన్ని పక్కకి తీసుకెళ్లి ఏదో చెప్పాడు. చెబుతూ చెబుతూ ఒకసారి నరసింగరావు వైపు చూశాడు. జగన్నాధం కూడా చూశాడు. వెంటనే చూపు తిప్పుకుని ట్యాంకు కేసి తలెత్తాడు. నరసింగరావు అప్పుడు దాన్ని పట్టించుకోలేదు.

కొన్నాళ్లకి కూర్మయ్య ఎడ్ల బండి తోలుకుంటూ నరసింగరావు ఇంటి ముందు ఆగాడు. బండిలో గోనెపట్టా చుట్టిన పెద్ద రాయి ఉంది.

"ఏట్రా ఇది?"

"ట్యాంకు రాయి బాబూ. అచ్చరాలు సెక్కీడం అయిపోయాకే కదా వొద్దన్నారు. గుమ్మంలో మెట్టుగా ఏసుకుంటాను ఇమ్మని కోటపాలెం సావుకారు అడిగినాడు. మన సైర్మన్ గారు నా మీద కేకలేసినారు. బావగారి పేరున్న రాయి మీద ఎవుడి కాలూ పడకూడదంట, తవరింటికే సేర్చమన్నారు."

"బావ పేరున్న రాయి నా ఇంటికెందుకురా? ఆయనింట్లోనే పెట్టుకోమను."

కూర్మయ్య తెల్లబోయి చూశాడు. తర్వాత గోనెపట్టా లాగేశాడు. నల్లరాయి మీద తెల్లటి అక్షరాలు ఎండకి మెరిశాయి. నరసింగరావు పైనుంచి చదువుకుంటూ వచ్చాడు. సింగంపేట పురపాలక సంఘము. రక్షిత మంచినీటి ట్యాంకు. వైస్ చైర్మన్. అక్కడ ఆగి బండి చక్రం పట్టుకున్నాడు. కింద జానెడు ఎత్తు అక్షరాలు. 'శ్రీ నరసింగరావు గారి అమృత హస్తములతో.'

"బావ పేరన్నావు కదరా!"

"బావగారి పేరే కదా బాబూ! సైర్మన్ గారి బావగారు తవరు కాదేటి?" కూర్మయ్యకి ఇందులో తిరకాసు ఏముందో అర్థం కాలేదు. "ఆయన సెప్పినారు కూడాను. 'ఆ రోజు మా బావ ఒక్క ఓటు మీదే నాను ఇన్ని రాళ్లెక్కినాను కూర్మయ్యా, ఆఖరిదైనా ఆయనకి దక్కాలి. గుడ్డ తీసినప్పుడు సూసుకోవాలి, ముందు తెలీకూడదు' అన్నారు. ఎవుడో ఎదవ ఆఫీసరు సెవిలో ఊదీసినాడంట గానీ..."

నరసింగరావుకి ఆ తర్వాతి మాటలు వినబడలేదు. సభలో ఆఫీసరు తన వైపు చూసిన చూపు గుర్తుకొచ్చింది. బావ తిప్పేసుకున్న చూపు గుర్తుకొచ్చింది. అంటే ఆయనకి అన్నీ తెలుసు. అన్నీ తెలిసే రాయి పంపాడు.

సాయంత్రం చెల్లెలి ఇంటికి వెళ్లాడు. దారి పొడుగునా చెప్పేద్దామనుకున్నాడు. జగన్నాధం అరుగు మీద కూర్చుని పనసతొనలు వలుస్తున్నాడు.

"రా బావా. రాయి సేరిందా?"

"సేరింది బావా." నరసింగరావు నిలబడే ఉన్నాడు. "బావా, ఆ ఆఫీసరు దగ్గరికి ఎల్లినోడు..."

"ఎవుడో ఎల్లినాడంట," జగన్నాధం మధ్యలోనే అందుకున్నాడు. "ఆఫీసరు ఆడి పేరు సెప్పబోనాడు. నానే వొద్దన్నాను. తెలిస్తే ఎదురైనప్పుడల్లా మనసులో మెదుల్తాది. మనకెందుకు బావా ఆ పేరు? కూకో." ఒలిచిన తొనల్లో సగం ఆకులో పెట్టి ఇతని ముందుకి జరిపాడు. తలెత్తి మాత్రం చూడలేదు.

నరసింగరావు తొన నోట్లో పెట్టుకున్నాడు. తేనెలా ఉండాల్సిన పండు. లోపలి నుంచి లక్ష్మీనరసమ్మ వచ్చి, నీ పేరు కోసం మీ బావ ఎంత ఇదైపోయారో తెలుసా అన్నియ్యా అని మొదలుపెట్టింది. అతను సగంలోనే లేచి వచ్చేశాడు.

ఇంటికి నడుస్తుంటే కడుపులో పాత మంటే. సిగ్గు కూడా ఉంది, కాదనడానికి లేదు. కానీ సిగ్గుని మించి మంట. చైర్మన్‌గిరీ పోయింది, మునిసిపాలిటీ పోయింది, రేపో మాపో ఆ పాత రాళ్లూ పోతాయి. ఇక బావని చూసి ఏడవడానికి ఏం మిగిలిందని మొన్నటి దాకా సంబరపడ్డాడు. ఇంత మంచితనం మిగిలి ఉంది. అది ఏ ఓటుతోనూ వచ్చింది కాదు, ఏ జీవోతోనూ పోదు. తను ఎవరి చెవిలో ఏం ఊదినా దాన్ని ఊడబెరకలేడు. అది తనకెందుకు లేకపోయిందని అతనికి ఏడుపొచ్చింది.

వాకిట్లో రాయి గోడకి చేరేసి ఉంది. నారాయణమ్మ దాని ముందు దీపం పట్టుకుని నిలబడి, కూడబలుక్కుని చదువుతోంది. ఆమె మొహం వెలిగిపోతోంది.

"ఎంత బాగున్నాదో సూడండి మీ పేరు! ఈది గుమ్మానికి పెట్టించీమంటారా? కుళాయి కాడోళ్లందరూ సూసి సావాల."

"తిరగేసి పెట్టించు. అచ్చరాలు గోడకి ఉండాల."

"ఓలమ్మో, అదేటండీ? ఇన్నాళ్లూ దీనికోసమే కదా అన్నం మానీసి ఏడిసినారు. మీ పేరే కదా ఇది!"

నరసింగరావు ఆ అక్షరాల వైపు చూడకుండా గడప దాటాడు.

"పేరు నాదేనే," అన్నాడు లోపలి నుంచి. "రాయి బావది."